ఇటాయన, అటాయన

ఆ ఎండాకాలం మా ఇంట్లో ఇద్దరం ఒకే కబురు కోసం ఎదురుచూశాం. గ్రాంటు రావాలని నేను, రాకూడదని మా అక్క. ఒకే గదిలో పక్కపక్కనే పడుకునేవాళ్ళం, ఒకే గిన్నెలో కాచిన టీ తాగేవాళ్ళం, అయినా ఆ ఒక్క విషయంలో మాత్రం తనది తూర్పు, నాది పడమర.

నేను పనిచేసే సంస్థ చాలా చిన్నది. బట్టల దుకాణం పైన మూడు గదులు, బతిమాలితే తప్ప పనిచేయని ఒక ప్రింటరు. రిటైరైన హెడ్మాస్టారు ఒకాయన దాన్ని మొదలుపెట్టారు. యుద్ధం జరుగుతున్న చోట మామూలు జనానికి తోడుగా నడవడం మా పని. ఎవరికైనా చెబితే "అంతేనా?" అనేవారు. అంతే. మావాళ్ళ చేతిలో కర్ర కూడా ఉండదు. మా సంస్థ పేరున్న నారింజ రంగు జాకెట్ వేసుకుని ఒకరు ముందు, ఒకరు వెనక నడుస్తారు, మధ్యలో జనం. బయల్దేరే ముందు రెండు పక్షాల ఆఫీసర్లకీ ఫోన్ చేస్తారు. ఇంతమంది, ఫలానా దారి, ఫలానా వేళకి వెనక్కి. దారిలో మాత్రం అందరి ఫోన్లూ ఆపేసి ఉండాలి, చేతిలో ఫోన్ కనపడితే ఎవరికో కబురందిస్తున్నారని అనుమానం వస్తుంది. మావాళ్ళు చూస్తుండగా కాలిస్తే, కాల్చినవాడి పేరు పదిమందికీ తెలుస్తుందని ఆఫీసర్ల భయం. ఆ భయం మీదే మా బండి నడిచేది.

మా బావ ఆ పనిలో చేరి రెండేళ్ళయింది. అంతకు ముందు పద్నాలుగేళ్ళు బస్సు కండక్టరు. యుద్ధం వచ్చి ఆయన రూటు మూతపడితే, నేనే మాస్టారితో చెప్పి మా దగ్గర పెట్టించాను. కండక్టరుకి ఇంతకంటే సరిపోయే పని ఉండదు. జనాన్ని లెక్కపెట్టడం వచ్చు, తోసుకునేవాళ్ళని సర్దడం వచ్చు, తాగి తిట్టేవాడితో నవ్వుతూ మాట్లాడటం వచ్చు. ఆయన్ని నది పక్కనున్న ఒక ఊరికి పంపాం. నదికి ఇవతల ఊరు, అవతల ఆ ఊరివాళ్ళ ఉల్లిచేలు. వంతెనకి ఈ చివర సైన్యం, ఆ చివర తిరుగుబాటువాళ్ళు. రోజూ వంతెన దాటితేనే కూలైనా, పంటైనా, తిండైనా.

ఆఫీసర్లిద్దరినీ బావ ఎప్పుడూ పేర్లతో అనలేదు. ఇటాయన, అటాయన. "ఇటాయనకి ముక్కు మీద కోపం, అటాయనకి పంటినొప్పి. పొద్దున్నే ఒకాయనకి జోకు చెప్పాలి, ఇంకొకాయనకి ఉప్పునీళ్ళు పుక్కిలించారా సార్ అని అడగాలి. ఇదే మరదలా నా ఉద్యోగం," అనేవాడు.

మావాళ్ళు వెళ్ళకముందు సంవత్సరం ఆ దారిలో పంతొమ్మిదిమంది చనిపోయారు. వెళ్ళాక పదహారు నెలలుగా ఒక్కరు కూడా లేరు.

సముద్రం అవతలి ఫౌండేషన్ ఒకటి మాకు డబ్బిచ్చేది. ఏడాదికోసారి రిపోర్టు రాసి, మళ్ళీ ఇమ్మని అడగాలి. ఆ రాత నాది. గొప్ప చెప్పుకోవడం కాదుగానీ, నేను బాగా రాస్తాను. అలా అనుకుని మురిసిపోయేదాన్ని కూడా.

రిపోర్టు పంపే వారంలో అక్కా నేనూ డాబా మీద ఆరేసిన బట్టలు తీస్తున్నాం.

"ఈసారి కొంచెం బాగోకుండా రాయవే," అంది అక్క, దుప్పటి రెండో కొస నా చేతికిస్తూ.

"ఏంటి?"

"అదే, ఆ రిపోర్టు. నువ్వు బాగా రాస్తావని అందరూ అంటారుగా. ఈ ఒక్కసారీ బాగా రాయకు. డబ్బు రాకపోతే ఆయన ఇంటికొచ్చేస్తారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "నలభైమంది బావ ముఖం చూసి వంతెన దాటుతున్నారక్కా. తెలుసా నీకు?"

"తెలుసు. వాళ్ళకి నలభైమంది. నాకు ఒక్కడు." దుప్పటి మడత సరిచేసింది. "బుడ్డది మొన్న బళ్ళో నాన్న బొమ్మ వేయమంటే ఫోన్ బొమ్మ వేసింది. నవ్వొస్తే నవ్వు."

నవ్వు రాలేదు. బుడ్డది మా అక్క కూతురు, ఆరేళ్ళది. నేను మడతపెట్టిన దుప్పటి తీసుకుని మెట్లు దిగిపోయాను. పట్టుదల కొద్దీ, నా జీవితంలో రాసినవాటిలోకెల్లా మంచి రిపోర్టు రాశాను. మొదటి పేజీ మధ్యలో ఇంకేమీ లేకుండా పెద్ద సున్నా పెట్టాను. దాని కింద చిన్న అక్షరాలతో, "పదహారు నెలల్లో వంతెన దారిలో మరణాలు."

మాస్టారు ఆ పేజీని చేతిలో పట్టుకుని కళ్ళజోడు పైకీ కిందికీ జరిపి చూశారు. "అమ్మాయ్, నా సర్వీసులో ఎన్నో సున్నాలు వేశాను. ఇంత అందమైనది చూళ్ళేదు," అన్నారు.

నెల తర్వాత ఫౌండేషన్ ఆవిడ కంప్యూటర్‌లో మాట్లాడింది. మా పక్క మాస్టారు, నేను. ఆవిడ చెడ్డమనిషి కాదు, ముందే చెబుతున్నాను. మా బావ బాగోగులు అడిగింది, ఎండల గురించి అడిగింది. తర్వాత గొంతు సవరించుకుంది.

"మీ విజయానికి మా బోర్డు తరఫున అభినందనలు. ఆ దారిలో ఇన్ని నెలలుగా ఒక్క ఘటన కూడా లేదు. అందుకని ఈ ఏడాది ఆ నిధిని ప్రమాదం ఎక్కువగా ఉన్న చోటికి మార్చాలని నిర్ణయించారు."

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. అభినందన దగ్గరే ఆగిపోయాను.

"మేడం, అక్కడ ప్రమాదం పోలేదు. మావాళ్ళు ఉన్నారు కాబట్టి..."

"నాకు తెలుసు. నేను చెప్పాను కూడా. కానీ బోర్డు చూసేది ఘటనల సంఖ్య. మీ రిపోర్టు మొదటి పేజీనే వాళ్ళకి చూపించాను. చాలా మెచ్చుకున్నారు."

తెర ఆరిపోయాక మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. "గొడుగు కింద తడవలేదు కాబట్టి వాన లేదనుకున్నారమ్మాయ్," అన్నారు. నా మీద ఆయన ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

ఇంటికెళ్ళి చెప్పాను. అక్క స్టవ్ వైపు తిరిగి నిలబడింది. వెనకనుంచి చూస్తే ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. కాసేపటికి ఇటు తిరిగి, "పాపం వాళ్ళు," అంది. నిజంగానే అంది. కానీ మర్నాడు పొద్దున్నే బావ చొక్కాలన్నీ తీసి ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది.

బావ వచ్చిన రోజున ఇల్లంతా ఉల్లిపాయల వాసన. సంచి నిండా అవే తెచ్చాడు, ఊరివాళ్ళు ఇచ్చారట. బుడ్డది ఆయన మెడ వదల్లేదు. వీపున దాన్ని మోసుకుంటూనే చెప్పులు విడిచాడు, దాన్ని మోసుకుంటూనే మొహం కడుక్కున్నాడు. నేను ఆఫీసు సామాను జాబితా ముందు పెట్టుకుని కూర్చున్నాను. పని ముగిస్తే ప్రతి వస్తువూ వెనక్కి చేరాలి.

"రెండు జాకెట్లు తక్కువున్నాయి బావా."

"పోయాయి."

"ఎలా పోయాయి?"

"నదిలో పడిపోయాయి."

"రెండూనా?"

"ఒకటి పడిందా, దాన్ని కాపాడదామని రెండోది దూకింది. ప్రాణస్నేహితులు మరి."

అక్క పడీపడీ నవ్వింది. నేను జాబితాలో 'చిరిగి పనికిరానివి, రెండు' అని రాసేశాను.

మూడో రోజు తెల్లవారుతుండగా మంచినీళ్ళకని లేచాను. వంటింటి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల బావ గొంతు.

"నమస్తే సార్. ఈరోజు ముప్పై ఆరుమంది. వంతెన దారే. నాలుగింటికల్లా వెనక్కి... అవున్సార్, మేం బయల్దేరుతున్నాం... ఎండా? అబ్బో, ఇక్కడ కూడా... అదే, మా దగ్గర కూడా మండిపోతోంది."

వీధిలోకి పాలబండి హారన్ కొట్టుకుంటూ వచ్చింది. బావ ఒక్క ఉదుటున కిటికీ మూశాడు. "ఏదో మిలటరీ లారీ సార్," అన్నాడు. ఫోన్ పెట్టి ఇటు తిరిగేసరికి ఎదురుగా నేను.

"ఎక్కడికి బయల్దేరుతున్నావ్ బావా?"

దొంగలా చూసి, పీట లాక్కుని కూర్చున్నాడు. అంతా చెప్పాడు. ఆ ఊళ్ళో మంత్రసాని అవ్వ ఒకావిడ ఉంది. రోజూ జనాన్ని కూడగట్టేది ఆవిడే. ఆవిడకొక జాకెట్, ఆవిడ అల్లుడికొక జాకెట్ ఇచ్చి వచ్చాడు. తెల్లవారుజామున అవ్వ ఫోన్లో లెక్క చెబుతుంది, బావ ఇక్కడినుంచి ఇటాయనకీ అటాయనకీ ఫోన్ చేస్తాడు. మావాళ్ళు వచ్చేశారని వాళ్ళిద్దరికీ ఎవరూ చెప్పలేదు.

"దూరాన్నుంచి వాళ్ళకి కనపడేది రంగు. దగ్గరగా వినపడేది నా గొంతు. రెండూ ఉన్నాయిగా," అన్నాడు.

"ఎన్నాళ్ళిలా?"

"కోత అయ్యేదాకా. ఇరవై రోజులు. ఆ పంట ఇంటికి రాకపోతే ఏడాదంతా పస్తే మరదలా. ఆపినా వాళ్ళు ఆగరు. నేను ఫోన్ చేయకపోయినా వంతెన ఎక్కుతారు." తర్వాత గొంతు తగ్గించాడు. "మాస్టారికి చెప్పకు. ఆయన అబద్ధం ఆడలేరు, నన్ను ఆడనివ్వరు."

చెప్పనని మాట ఇచ్చాను. నాకు గర్వంగా కూడా అనిపించింది. ఫౌండేషన్ డబ్బు లేకుండా, బోర్డు లేకుండా, మా వంటింట్లోంచి ముప్పై ఆరుమంది క్షేమంగా వంతెన దాటుతున్నారు.

ఆ తర్వాతి రెండు వారాలు మా ఇంట్లో అంత సంతోషం నేను ముందూ చూళ్ళేదు, తర్వాతా చూళ్ళేదు. అక్కకి కూడా తెలిసిపోయింది. రోజూ ముందే లేచి కిటికీ మూసేది, గిన్నె చప్పుడు కాకుండా టీ పెట్టేది. బుడ్డది "నమస్తే సార్" దగ్గర నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని, "ఉంటాను సార్" దగ్గర తీసేది. సాయంత్రం నాలుగింటికి అవ్వ ఫోన్ చేసేది. "చేరాం కండక్టరూ." అంతే మాట. అప్పుడు అందరం ఊపిరి తీసుకునేవాళ్ళం. ఒకరోజు అక్క ఫోన్ లాక్కుని అవ్వతో మాట్లాడింది. ఉల్లిపాయలు కుళ్ళకుండా ఎలా దాచాలో అడిగింది. అవ్వ చెప్పి, చివర్లో ఏమందో అక్క మొహం ఎర్రబడింది.

"ఏమందే?" అని బావ అడిగాడు.

"మీకెందుకు? ఆడవాళ్ళ మాటలు." చాలాసేపు నవ్వు ఆపుకుంటూ తిరిగింది. మొగుడు ఇంట్లో ఉన్నాడు, అక్కడివాళ్ళు క్షేమంగా ఉన్నారు. దేనికోసం దేన్నీ వదులుకోనక్కర్లేదు. ఆ రోజుల్లో అక్క నడకే మారిపోయింది.

అటు ఆఫీసులో నేను గ్రాంటు ముగింపు పనులు చేస్తున్నాను. గ్రాంటు మొదలుపెట్టడానికి ఎన్ని కాగితాలో మూసేయడానికీ అన్నే. ఫౌండేషన్ పద్నాలుగు అంశాల పట్టిక పంపింది. నాకు పట్టికలంటే ఇష్టం. పక్కనున్న గడిలో టిక్కు పెడితే ఏదో గెలిచినట్టుంటుంది.

తొమ్మిదోది: పని ముగిసినట్టు సంబంధిత పక్షాలన్నింటికీ రాతపూర్వకంగా తెలియజేశారా?

ఆ ఉత్తరానికి నమూనా కూడా వాళ్ళే ఇచ్చారు. తేదీలు నింపితే చాలు. ఫలానా తేదీతో మా పని ముగిసింది. ఇకపై మా సిబ్బంది ఎవరూ ఆ ప్రాంతంలో లేరు. మా సంస్థ గుర్తుతో ఎవరైనా కనిపిస్తే వారికీ మాకూ ఎలాంటి సంబంధం లేదు. ఆ చివరి వాక్యం నమూనాలోనే ఉంది, ఎక్కడైనా దొంగలు వాడుకోకుండా అని. నేను అక్షరదోషాలు చూశాను. రెండేళ్ళ క్రితం నేనే తయారుచేసిన చిరునామాల పట్టిక తెరిచాను. జిల్లా ఆఫీసు, ఆసుపత్రి, బడి, సైన్యంవారి ఆఫీసు, అవతలివాళ్ళ ఆఫీసు. మాస్టారు పక్క గదిలో ఎవరితోనో మాట్లాడుతున్నారు. తలుపులోంచి కాగితం చూపించాను.

"అంతా చూశావుగా?" అన్నారు.

"చూశాను మాస్టారూ."

"అయితే పంపించెయ్."

ఆయన తరఫున నేనే సంతకం పెట్టి, అన్ని చిరునామాలకీ పంపించాను. టీ చల్లారకముందే తొమ్మిదో గడిలో టిక్కు పెట్టి, పదోదానికి వెళ్ళాను. పదోది ప్రింటరు గురించి.

ఆ పొద్దునే వంటింట్లో బావ ఫోన్ విన్నాను. ఈ చెవులతోనే విన్నాను, ఈ చేతులతోనే ఉత్తరం పంపాను. రెండూ నా బుర్రలో ఒకదాన్నొకటి తాకలేదు. ఎందుకు తాకలేదని నన్ను నేను ఇప్పటికీ అడుగుతుంటాను. అది ఇల్లు, ఇది ఆఫీసు. అంతకంటే ఏమీ దొరకదు. మాస్టారితో ఒక్క మాట చెప్పి ఉంటే ఆయనకి తట్టేది. చెప్పనని నేను మాట ఇచ్చి ఉన్నాను కదా.

ఉత్తరం పంపిన మూడో రోజు పొద్దున్న, కోత ముగియడానికి ఇంకా నాలుగు రోజులుందనగా, వంటింటి గడపలో కూర్చుని బుడ్డదానికి జడ వేస్తున్నాను. అది రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. అవ్వ అప్పటికే లెక్క చెప్పి బయల్దేరింది. బావ ఇటాయనకి కలిపాడు.

"నమస్తే సార్. ఈరోజు ముప్పై ఎనిమిది..."

ఆగాడు. చాలాసేపు విన్నాడు.

"లెటరేంటి సార్?"

నా చేతిలో జడ అలాగే ఉండిపోయింది.

"లేద్సార్. నిజమే, నేనక్కడ లేను. కానీ వాళ్ళు ఊరివాళ్ళే సార్. ముందున్నది అవ్వ. మంత్రసాని. మీ జవాన్ల ఇళ్ళలో పురుళ్ళు పోసింది ఆవిడే సార్, అడగండి. జాకెట్లు నేనే ఇచ్చాను, తప్పు నాది. వాళ్ళ దగ్గర కొడవళ్ళు తప్ప ఏమీ... సార్? సార్..."

మళ్ళీ చేశాడు. ఎత్తలేదు. అవ్వకి చేశాడు. ఆపేసి ఉంది. అల్లుడికి చేశాడు. ఆపేసి ఉంది. దారిలో ఫోన్ ముట్టుకోవద్దని వాళ్ళకి నేర్పింది ఆయనే. అటాయనకి చేస్తే ఎత్తాడు. మాకూ వచ్చింది ఆ లెటర్, మా వైపునుంచి ఏమీ జరగదు, అటువైపు సంగతి నా చేతిలో లేదు అన్నాడట. బావ వంటింటి నేల మీద చతికిలబడి, ఒకటి తర్వాత ఒకటి ఆ నాలుగు నంబర్లే నొక్కుతూ ఉన్నాడు. అక్క స్టవ్ ఆపేసి పక్కన కూర్చుంది. బుడ్డది నోటిమీద చేతులు తీయలేదు. "ఉంటాను సార్" అనే మాట ఇంకా రాలేదు కదా.

పదింటికి రేడియోలో వచ్చింది. పన్నెండుమంది. సంస్థ జాకెట్లలో మారువేషాలతో వంతెన దాటబోయినవాళ్ళని సైన్యం అడ్డుకుందని చెప్పారు. ముందు నడిచిన ముసలామె, వెనక నడిచిన యువకుడు కూడా చనిపోయారు.

అక్క గుండెలు బాదుకుంది. "నేనే అడిగాను కదే. బాగా రాయకు, ఆయన్ని ఇంటికి తెచ్చిపెట్టు అని నేనే కదా అన్నాను. నా నోరు పడిపోను." నన్ను పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అప్పుడే చెప్పాల్సింది. కాదక్కా, నీ నోరు కాదు, నా చెయ్యి అనాల్సింది. అనలేకపోయాను. ఒకరోజు కాదు, రెండ్రోజులు కాదు, ఎన్నో రోజులు మా అక్క ఆ పాపం తనదే అనుకుని కుమిలిపోతుంటే పక్కనే కూర్చుని వీపు నిమిరాను.

మాస్టారికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. బావ జాకెట్ల సంగతి, ఫోన్ల సంగతి ఒప్పుకోగానే ఫైలు తెరిచి తొమ్మిదో అంశం దగ్గర వేలు పెట్టి ఆగిపోయారు. తర్వాత అన్నారు, "నాతో ఒక్క మాట అని ఉంటే ఆపేవాణ్ణి కదమ్మాయ్." ఆ రోజునుంచి ఆయన నన్ను తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు.

ఫౌండేషన్ ఆవిడ ఐదు వారాల తర్వాత ఫోన్ చేసింది. మాట్లాడటానికి ముందే ఏడ్చింది. "మా దగ్గర అత్యవసర నిధి ఒకటి ఉంది. దానికి ఇప్పుడా దారి అర్హత పొందింది. శుక్రవారం లోపల మీరు దరఖాస్తు పంపగలరా?"

ఇప్పుడు. ఆ మాట ఆవిడకీ వినపడింది. "క్షమించండి," అంది.

ఆ నిధి తొమ్మిది రోజుల్లో మంజూరైంది. అంత త్వరగా ఏ గ్రాంటూ నేను చూళ్ళేదు. బావ మళ్ళీ వెళ్ళాడు. ఈసారి ఆయన సంచి అక్కే సర్దింది, వెళ్ళొద్దని ఒక్కసారి కూడా అనలేదు. అదంతా తర్వాత. ముందు ఆ దరఖాస్తు.

ఘటనల వివరాలకి దాంట్లో ఒక పట్టిక ఉంది. చనిపోయినవారి పేరు, వయసు, ఎవరు. ఆ పేర్లు తెలిసింది బావకే, ఊరినుంచి ఒకతను వచ్చి చెప్పి వెళ్ళాడు. గురువారం సాయంత్రం భోజనాల బల్ల మీద కంప్యూటర్ పెట్టుకుని పిలిచాను. వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఆ ఐదు వారాల్లో ఆయన మనిషి సగమయ్యాడు. జోకు లేదు, పాట లేదు, ఫోన్ ముట్టుకోవడమే లేదు. అయినా నన్ను మరదలా అని పిలవడం మానలేదు. బల్ల దగ్గర నీళ్ళు ముందు నా గ్లాసులో పోసి, తర్వాత తన గ్లాసులో పోసుకునేవాడు.

నడిచిన వరసలోనే చెప్పాడు. ముందు అవ్వ. అవ్వ వెనక ఇద్దరు అక్కచెల్లెళ్ళు. తర్వాత కుట్టుమిషన్ ఆయన, ఆయన భార్య. ఒక్కొక్క పేరూ నిదానంగా, అక్షరం అక్షరం, స్టేజీలు చెప్పినట్టు చెప్పాడు. వయసు తెలియకపోతే ఆలోచించి చెప్పాడు. ఏడో పేరు దగ్గర నా వేళ్ళు ఆగిపోయాయి.

"బావా. ఆ లెటర్ పంపింది నేనే."

"తెలుసు."

"మాస్టారు చెప్పారా?"

"కాదు. ఆ పొద్దునే. ఇటాయన మొత్తం చదివి వినిపించాడు. కింద పేరుతో సహా."

వంటింటి గుమ్మంలో అక్క నిలబడి ఉంది. చేతిలో గుడ్డ. ఎప్పుడు వచ్చిందో మేమిద్దరం చూళ్ళేదు. నా వైపు చూసింది. ఆ చూపులో కోపం ఉండి ఉంటే కాళ్ళమీద పడేదాన్ని. ఏమీ లేదు. మెల్లగా లోపలికి వెళ్ళిపోయి, గిన్నెలు తోముకుంది. ఆ రోజునుంచి అక్క నాతో మాట్లాడుతుంది, వడ్డిస్తుంది, జ్వరం వస్తే మందు ఇస్తుంది. కానీ "ఏమే" అని పిలవలేదు. ఇన్నేళ్ళయినా పిలవలేదు.

"ఎనిమిది," అన్నాడు బావ. "రాసుకో."

రాశాను. తొమ్మిది. పది. పదకొండోది వెనక నడిచిన అవ్వ అల్లుడు.

"పన్నెండు?"

బావ కిటికీ వైపు చూశాడు. "అవ్వ మనవరాలు. అల్లుడి కూతురే. తల్లి చంకలో ఉంది. తల్లి బతికింది."

"పేరు?"

"పెట్టలేదు. కోత అయ్యాక పెడదామనుకున్నారు. నెల పిల్ల." గ్లాసు పక్కకి జరిపాడు. "ఆ పొద్దున ముప్పై ఎనిమిది అని చెప్పాను చూడు, అందులో అది లేదు. చంకలో పిల్లల్ని లెక్కలో వేయొద్దని అవ్వకి నేనే నేర్పాను. బస్సులో అలవాటు. చంటిపిల్లకి టికెట్ ఉండదు."

పేరు గడి ఖాళీగా ఉంటే ఆ ఫారం ముందుకి వెళ్ళదు. ఎర్రగా మెరుస్తూ నిలబడిపోతుంది. అదే చెప్పాను. చంటిపిల్ల అని రాయనా అని అడిగాను.

"వద్దు. పేరు లేకుండా వద్దు," అన్నాడు.

వంటింట్లో కుళాయి ఆగింది.  బావ నా వైపు తిరిగి, రోజూ మాట్లాడే గొంతుతోనే, "నీ పేరు పెట్టు మరదలా," అన్నాడు.

పెట్టాను. వయసు దగ్గర ఒక నెల అని రాశాను. ఫారం ముందుకి వెళ్ళింది.